అన్న ఇడ్లీ, తమ్ముడి దోసె: కూర్మన్నపాలెంలో ఒక టిఫిన్ సెంటర్

విశాఖలో కూర్మన్నపాలెం జంక్షన్ నుంచి దువ్వాడ స్టేషన్ వైపు కాస్త దూరం వెళ్ళి ఎడమ చేతి సందులోకి తిరిగితే, రేకుల షెడ్డు కింద ఒక టిఫిన్ సెంటర్ ఉంటుంది. బోర్డు లేదు. 2014లో హుద్‌హుద్ తుఫానుకి ఎగిరిపోయిందట. మళ్ళీ పెట్టలేదు, పెట్టాల్సిన అవసరమూ రాలేదు. చుట్టుపక్కల వాళ్ళు పొద్దున్నయితే "అన్న దగ్గర తిన్నాం" అంటారు, రాత్రయితే "తమ్ముడి దగ్గర తిన్నాం" అంటారు. షెడ్డు ఒకటే, పొయ్యి ఒకటే, గ్రైండరు ఒకటే. పొద్దున నాలుగున్నర నుంచి పదిన్నర దాకా అన్న, సాయంత్రం ఐదున్నర నుంచి రాత్రి పన్నెండు దాకా తమ్ముడు.

ఈ షాపు ఎలా ఉంటుందని అడిగితే కొందరు లొట్టలేస్తూ చెప్తారు, కొందరు "అక్కడ తినడానికేముంది" అని తీసిపారేస్తారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. తేడా అంతా వాళ్ళు వెళ్ళిన టైములో ఉంది. ఐదింటికి అన్న వేసిన పెసరట్టూ, పదింటికి అదే అన్న వేసిన పెసరట్టూ ఒకటి కావు. సాయంత్రం ఆరింటికి తమ్ముడు పోసిన దోసెకీ, రాత్రి పదింటికి పోసిన దోసెకీ పోలికే లేదు. అందుకే ఇక్కడ ఏం తినాలన్న దానికంటే ఎప్పుడు తినాలన్నదే ఎక్కువ రాస్తాను.

నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను. మా ఆయన స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. ఎ షిఫ్టు ఆరు నుంచి రెండు, బి షిఫ్టు రెండు నుంచి పది, సి షిఫ్టు పది నుంచి మళ్ళీ ఆరు. ఈ మూడూ తిరుగుతూ ఉండే ఇంట్లో వంటకి వేళ అనేది ఉండదు కాబట్టి, ఈ అన్నదమ్ములిద్దరి చేతి తిండీ మేం బాగా ఎరుగుదుం. ఈ షాపు ఇలా రెండు కొసల్లో నడవడానికి కారణం కూడా ప్లాంటే. తెల్లవారుజామున ఎ షిఫ్టుకి వెళ్ళేవాళ్ళు, రాత్రి పదిన్నరకి బి షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు, అర్ధరాత్రి దువ్వాడలో రైలెక్కేవాళ్ళు. ఆ వేళల్లో ఆకలేసే జనం గాజువాక నుంచి ఇటు బాగానే ఉన్నారు.

ముందు పొద్దుటి సంగతి. ఇడ్లీ బావుంటుంది, మెత్తగా, చెయ్యి పెడితే విరిగేలా. కానీ అది తిని వచ్చేయకండి. ఇక్కడ తినాల్సింది పెసరట్టు. పొట్టు పెసలు రాత్రి నానబెట్టి, తెల్లవారుజామున నాలుగింటికి అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి అప్పటికప్పుడు రుబ్బుతాడు. బియ్యం గుప్పెడంటే గుప్పెడే. పెనం మీద పల్చగా తిప్పి, ఉల్లిపాయ ముక్కలు చల్లి, అంచులు లేచేదాకా ఆగి తీస్తాడు. మధ్యలో ఉప్మా పెట్టించుకోవచ్చు. అల్లం చట్నీలో బెల్లం కాస్త ఎక్కువే, నాకు అలాగే కావాలి. పూరీకి బొంబాయి చట్నీ ఇస్తాడు. శనగపిండి ఉడికీ ఉడకనట్టు కాకుండా, నిమ్మకాయ పులుపు తగిలేలా, బాగా చేస్తాడు. మన ఉత్తరాంధ్ర వాళ్ళకి పూరీ పక్కన బంగాళదుంప కూర పెడితే ఏదో పక్క ఊరికి వచ్చినట్టుంటుంది కదా, ఆ ఇబ్బంది ఇక్కడ లేదు.

ఐదు నుంచి ఏడు లోపు వెళ్ళండి. ఆ రెండు గంటలూ అన్న చెయ్యి చూడాలి. ఒకేసారి రెండు పెనాలు, ఇడ్లీ పాత్ర, పూరీ మూకుడు, నోటితో లెక్కలు. ఎవరికి కారప్పొడి ఎక్కువ కావాలో, ఎవరు ఉల్లిపాయ తినరో అన్నీ గుర్తే. ఎనిమిదిన్నర దాటితే మాటలు తగ్గుతాయి. తొమ్మిదిన్నరకి పెసరట్టు మందం అవుతుంది, అంచు కరకర పోతుంది. ఒకసారి పదింటికి ఉప్మా పెసరట్టు అడిగితే ఉప్మా లేకుండా మడిచి ఇచ్చాడు. ఆయనకి తెలియను కూడా తెలియలేదు. మూడింటికి లేచిన మనిషికి పదంటే, ఏడింటికి లేచే మనకి మధ్యాహ్నం రెండు లాంటిదే. అంతసేపు పొయ్యి ముందు నిలబడితే ఎవరైనా అలసిపోతారు, అది నిజమే. కానీ తమ్ముడి సంగతి చూశాక, ఇందులో అలసటే కాదు ఇంకోటి కూడా ఉందనిపించింది.

తమ్ముడు ఐదున్నరకి షట్టర్ తీసేటప్పుడు చూస్తే అప్పుడే పడక మీంచి దిగినట్టుంటాడు. మొదటి గంటలో పునుగులు తప్ప ఏదీ అడక్కండి. పునుగులు బావుంటాయి, ఎందుకంటే అవి పొద్దున మిగిలిన ఇడ్లీ పిండితోనే వేస్తాడు. సాయంత్రానికి కాస్త పులిసి, వాటికి కావాల్సిన పులుపు దానంతటదే వస్తుంది. ఆరున్నరకి దోసె అడిగితే ఒకచోట తెల్లగా, ఒకచోట మాడి వస్తుంది. పెనం ఇంకా కుదురుకోలేదని అతను అంటాడు. కొంత నిజమే, మందపాటి ఇనప పెనం సమానంగా వేడెక్కడానికి టైము పడుతుంది. అయితే గంటన్నరా?

తొమ్మిది దాటాక రండి. అదే మనిషి, అదే పెనం, చేతిలో గరిటె ఆడుతూ ఉంటుంది. నీళ్ళు చిలకరించి, సగానికి కోసిన ఉల్లిపాయతో పెనం తుడిచి, పిండి పోసి, గుడ్డు నేరుగా దాని మీదే కొట్టి గరిటెతో పరుస్తాడు. మిరియాల పొడి, ఉల్లి తురుము, కాస్త కారం. తిరగేసి తీస్తే కింద కరకరా, పైన మెత్తగా. విశాఖలో ఎగ్ దోసె చాలా చోట్ల తిన్నాను, రాత్రి పది నుంచి పదకొండున్నర మధ్య ఇతను పోసేదానికి సాటి వచ్చేది నాకింకా తగల్లేదు. ఆ వేళలో పాటలు పెట్టుకుంటాడు, జోకులేస్తాడు, బి షిఫ్టు దిగి నీరసంగా వచ్చినవాళ్ళని కూడా నవ్విస్తాడు. సాయంత్రం మూతి ముడుచుకుని ఉన్నది ఇతనేనా అనిపిస్తుంది.

వాళ్ళమ్మ షెడ్డు వెనక పీట మీద కూర్చుని ఉల్లిపాయలు కోస్తూ ఉంటుంది. కొడుకులిద్దరి గురించి ఆవిడకో సిద్ధాంతం ఉంది. "ఈడు పుట్టింది అర్ధరేతిరమ్మా. ఆడు పుట్టింది కోడి కూసే యేళ. ఇంకేటి సెప్పాల?" పుట్టిన వేళకీ దీనికీ సంబంధం లేదని నేను చెప్పబోతే, ఆవిడ నా వైపు జాలిగా చూసి ఇంకో ఉల్లిపాయ తీసుకుంది.

అన్నకి మాత్రం తమ్ముడిది బద్ధకమే. "ఒకే కడుపున పుట్టాం మేడమ్, ఆడికేటి రోగం?" అని నన్నే అడుగుతాడు. దానికి సమాధానం అదే షెడ్డులో, వేలాడే అరటిపళ్ళ గెల చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఆ సన్న ఈగలు ఉన్నాయి చూడండి (అవి ఉండటం ఈ షాపు మీద నా మొదటి ఫిర్యాదు), పళ్ళ ఈగలు, మా భాషలో డ్రోసోఫిలా. 1971లో అమెరికాలో సైమూర్ బెంజర్, రొనాల్డ్ కొనోప్కా అనే ఇద్దరు వీటిలో కొన్నిటికి ఒంట్లోని గడియారం లెక్కలో రోజు నిడివి మారిపోయి ఉండటం పట్టుకున్నారు. ఒక రకం ఈగకి లోపలి రోజు 19 గంటలే. ఇంకో రకానికి 28 గంటలు. మూడో రకానికి అసలు లయే లేదు. మూడింటిలోనూ తేడా ఒకే జన్యువులో. దానికి పీరియడ్ అని పేరు పెట్టారు. ఆ జన్యువు ఎలా పనిచేస్తుందో తేల్చినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకి 2017లో నోబెల్ ఇచ్చారు. కణంలో ఒక ప్రోటీన్ తయారవుతూ పోగుపడుతుంది, బాగా పోగుపడ్డాక తన తయారీని తనే ఆపేస్తుంది, కరిగిపోయాక మళ్ళీ మొదలు. ఈ చుట్టు తిరగడానికి సుమారు ఒక రోజు పడుతుంది.

మనలోనూ ఇదే పద్ధతి. మెదడులో, రెండు కళ్ళ నరాలూ కలిసే చోటికి సరిగ్గా పైన, దాదాపు 20 వేల నాడీకణాల గుంపు ఒంట్లోని గడియారాలన్నిటినీ నడిపిస్తుంది. వెలుతురు, గడియారం ఏవీ తెలియకుండా ఉంచి కొలిస్తే మనిషి రోజు సగటున 24 గంటలకి కాస్త పైన వస్తుంది, పది నిమిషాల చిల్లర. కొందరికి ఇంకొంచెం తక్కువ, కొందరికి ఇంకొంచెం ఎక్కువ. ఎక్కువున్నవాళ్ళకి నిద్ర రోజూ ఆలస్యం వైపు జారుతూ ఉంటుంది. పొద్దుటి వెలుతురు లాగి పట్టుకోకపోతే ఇంకా జారుతుంది.

మరి ఒకే తల్లి పిల్లలు ఇలా ఎందుకున్నారు? 2019లో దాదాపు ఏడు లక్షల మంది జన్యు సమాచారం చూసి, పొద్దున్నే లేచే గుణంతో సంబంధం ఉన్న 351 చోట్లు గుర్తించారు. ఒక్కొక్కదాని ప్రభావం చాలా చిన్నది. పేకముక్కలు పంచినట్టు ఆ తల్లిదండ్రుల దగ్గరున్నవే ఇద్దరికీ పంపిణీ అయ్యాయి, ఎవరి చేతిలో ఏవి పడ్డాయో వాళ్ళది. దానికి తోడు వయసు. అన్నకి యాభై దగ్గర పడుతున్నాయి, తమ్ముడికి ముప్ఫై కూడా నిండలేదు. ఇరవై ఏళ్ళ దగ్గర మనిషి నిద్ర అన్నిటికంటే ఆలస్యంగా ఉంటుంది, అక్కడి నుంచి ఏడాదికింత ముందుకి జరుగుతూ వస్తుంది. తమ్ముడు కూడా ఇంకో ఇరవై ఏళ్ళకి కొంత మారతాడు. అన్నలా మాత్రం అయిపోడు.

ఒకరోజు సరదాకి ఇద్దరి చేతా హార్న్, ఆస్ట్‌బర్గ్ 1976లో తయారు చేసిన 19 ప్రశ్నల పత్రం నింపించాను. మార్కులు 16 నుంచి 86 దాకా. 59 గానీ ఆపైన గానీ వస్తే పొద్దుటి మనిషి, 41 గానీ ఆలోపు గానీ అయితే రాత్రి మనిషి, ఎక్కువమంది మధ్యలో పడతారు. అన్నకి డెబ్భై పైన వచ్చాయి, తమ్ముడికి ముప్ఫైల్లో. మొదటి ప్రశ్న, మీకు ఏ పనీ లేకపోతే ఎన్నింటికి లేస్తారు అని. అన్న చాలాసేపు ఆలోచించి "పని లేకపోవడవేటి?" అన్నాడు. తమ్ముడు ఆలోచించకుండా పదకొండు రాసేశాడు. నాది నేనూ నింపాను. తమ్ముడి జట్టే.

బ్రహ్మముహూర్తం గురించి అన్న లెక్చరు టిఫిన్‌తో పాటు ఉచితం. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాల ముందు ముగిసే సమయం అది. జూన్‌లో విశాఖలో ఐదూ ఇరవై దాటగానే పొద్దు పొడుస్తుంది కాబట్టి లెక్క ప్రకారం నాలుగుకి ముందే లేవాలి. జనవరి నడుమ ఆరున్నర దాకా సూర్యుడు రాడు, అప్పుడు దాదాపు ఐదింటికి లేచినా చెల్లుతుంది. "మరి సంక్రాంతి రోజుల్లో మీరూ గంట ఎక్కువ పడుకోవచ్చుగా" అంటే, అదేదో నేను ఆయన అలవాటు పాడుచేయడానికి చెప్పినట్టు చూస్తాడు.

కానీ ఒక విషయంలో మన ఊరు పొద్దుటి మనుషుల పక్షమే. దేశం గడియారం లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖ కాకినాడ పక్క నుంచి పోతుంది. మనం దానికి కొంచెం తూర్పున ఉన్నాం. అంటే ఇక్కడ గడియారంలో పన్నెండుకీ, సూర్యుడు నడినెత్తికి రావడానికీ తేడా సగటున కొద్ది నిమిషాలే. అదే గడియారం పెట్టుకున్న అహ్మదాబాద్‌లో సూర్యుడు దాదాపు 40 నిమిషాలు వెనక. జర్మనీలో టిల్ రోన్నెబెర్గ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒకే గడియారం వాడే దేశంలో కూడా మనుషుల నిద్ర సూర్యుడితోనే పోతుంది. తూర్పు కొసన ఉన్నవాళ్ళు ముందు, పడమర కొసన ఉన్నవాళ్ళు వెనక. కాబట్టి విశాఖలో ఉండి కూడా పొద్దున్నే లేవలేకపోతున్నానంటే నా ఒంటి గడియారం ఎంత మొండిదో మీరే ఊహించుకోండి.

ఇక ఈ షాపులో నాకు అన్నిటికంటే నచ్చినది. అన్నదమ్ములిద్దరూ ఒకరి పిండి ఒకరు రుబ్బుతారు. అన్న పొద్దుటి బేరం అయిపోయాక పదిన్నరకి దోసెల పిండి రుబ్బి పెట్టి ఇంటికి పోతాడు. అది రాత్రి తొమ్మిదికి పొంగి సిద్ధంగా ఉంటుంది (తమ్ముడి ఆరున్నర దోసె బాగుండకపోవడానికి ఇది కూడా ఒక కారణమని నా అనుమానం, ఇంకా పిండి పక్వానికి రాదు). తమ్ముడు రాత్రి ఇడ్లీ పిండి రుబ్బుతాడు. ఎన్నింటికి రుబ్బాలన్నది రోజును బట్టి మారుతుంది. డిసెంబరు, జనవరి చలికి ఎనిమిదింటికే రుబ్బేస్తాడు, లేకపోతే పొద్దుటికి పొంగదు. మే నెల ఉక్కకి పన్నెండింటికి షట్టర్ దించే ముందు రుబ్బుతాడు, లేకపోతే తెల్లారేసరికి పుల్లగా అయిపోతుంది. వేరే చోట్ల ఎండాకాలం ఇడ్లీ పులుపెక్కి ఉంటుంది, ఇక్కడ ఉండదు. కారణం చట్నీలో లేదు, అర్ధరాత్రి మెలకువగా ఉండే మనిషి ఒకడున్నాడు, అంతే. వాళ్ళ నాన్న ఒక్కడే నడిపిన రోజుల్లో మేలో ఇడ్లీ పుల్లగానే ఉండేదని పాత బేరగాళ్ళు చెప్తారు.

టాంజానియాలో హాడ్జా అనే వేటాడి బతికే తెగ ఉంది. వాళ్ళలో 33 మంది నిద్రని 20 రోజుల పాటు కొలిచి 2017లో ప్రచురించారు. అన్ని రాత్రుల్లోనూ అందరూ ఒకేసారి నిద్రలో ఉన్నది మొత్తం కలిపి 18 నిమిషాలే. ఎప్పుడూ ఎవరో ఒకరు లేచే ఉంటున్నారు, ఎవరినీ కాపలా పెట్టకుండానే కాపలా జరిగిపోతోంది. గుంపులో రెండు రకాల వాళ్ళూ మిగలడానికి ఇదే కారణం కావచ్చని ఆ పరిశోధకుల ఊహ. ఈ కథ నేను ఒక రాత్రి చెప్తే తమ్ముడు గరిటె ఆపి, "ఇది మా అన్నకి పొద్దున్న చెప్పండి మేడమ్" అన్నాడు. చెప్పాను. "ఆల్లకి సింహాలున్నాయి, మనకేటున్నాయి?" అన్నాడు అన్న. పిండి ఉందిగా అన్నాను.

ఒకసారి అన్న బంధువుల పెళ్ళికి శ్రీకాకుళం వెళ్ళి వారం ఉండిపోయాడు. పొద్దుటి బేరం తమ్ముడి మీద పడింది. ఆ వారం ఇడ్లీ గట్టిగా ఉంది, చట్నీలో ఒకరోజు ఉప్పు లేదు, ఒకరోజు రెండుసార్లు పడింది. చిల్లర ఇచ్చింది మళ్ళీ ఇచ్చాడు, కొందరు తిరిగిచ్చారు కూడా. "పొద్దున్నే నా చెయ్యి నా మాట వినదు మేడమ్" అని అతనే అన్నాడు. ఒంటి గడియారం ఒకటి, ఉద్యోగం గడియారం ఇంకొకటి అయినప్పుడు వచ్చే ఈ తిప్పలకి రోన్నెబెర్గ్ బృందమే 2006లో సోషల్ జెట్‌లాగ్ అని పేరు పెట్టింది. విమానం ఎక్కకుండానే రోజూ వేరే దేశంలో దిగడం.

దీన్ని రోజూ అనుభవించేది మా పిల్లలు. రాత్రి పదిన్నరకి తమ్ముడి దగ్గర ఎగ్ దోసె తింటూ కెమిస్ట్రీ ఫార్ములాలు గడగడ ఒప్పజెప్పే కుర్రాళ్ళని చూస్తాను. వాళ్ళే మర్నాడు పొద్దున ఐదింటికి స్టడీ అవర్‌లో కూర్చోవాలి. నా ఫస్ట్ పీరియడ్‌కి వచ్చేసరికి కళ్ళు తెరిచే ఉంటాయి, వెనక ఎవరూ ఉండరు. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలకి నిద్రవేళ అయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ అనే హార్మోన్ ఊరడమే రాత్రి ఆలస్యంగా మొదలవుతుంది. పెందలాడే పడుకోమంటే పడుకుంటారు గానీ నిద్ర రాదు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే హైస్కూళ్ళు ఎనిమిదిన్నరకి ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది, కాలిఫోర్నియా 2022 నుంచి దాన్ని చట్టంగా అమలు చేస్తోంది. మన దగ్గర నాలుగున్నరకే హాస్టల్ బెల్లు కొట్టడాన్ని ప్రకటనల్లో గొప్పగా వేసుకుంటారు. అన్న దగ్గర టిఫిన్ కట్టించుకుని పిల్లల్ని బండి మీద దింపే తండ్రుల్ని చూస్తే, వెనక సీట్లో పిల్ల నాన్న వీపు మీద తల ఆనించి పడుకుని ఉంటుంది. ఇంకో రెండు గంటలు ఇంట్లో పడుకోనిస్తే ఈఏపీసెట్ ర్యాంకు పోతుందని వాళ్ళ భయం. నాకు ఆ భయం మీద నమ్మకం లేదు.

మా ఆయన పొద్దుటి మనిషి. ఎ షిఫ్టు అంటే పండగ, సి షిఫ్టు అంటే కిటికీలకి పేపర్లు అంటించుకుని కూడా మూడు గంటలు మించి నిద్ర పట్టదు. బ్లాస్ట్ ఫర్నేస్‌ని రాత్రికి ఆర్పేసి పొద్దున మళ్ళీ వెలిగించడం కుదిరే పని కాదు కాబట్టి ఎవరో ఒకరు ఆ వేళలో ఉండక తప్పదు. తమ్ముడి లాంటి వాళ్ళకి ఆ రాత్రులు తేలిక అని ఆయన గొడవ. షిఫ్టులు ఇచ్చేటప్పుడు ఈ సంగతి అడిగేవాళ్ళు ఎక్కడా ఉండరు.

రాత్రి వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. ఒకటి, టీ. తమ్ముడి అల్లం టీ బావుంటుంది, కానీ పడుకోబోయే ముందు వద్దు. పడకకి మూడు గంటల ముందు రెండు షాట్ల ఎస్ప్రెసోకి సమానమైన కెఫీన్ ఇస్తే ఒంటి గడియారమే 40 నిమిషాలు వెనక్కి జరిగిందని 2015లో ఒక చిన్న ప్రయోగంలో తేలింది. టీలో అంత ఉండదు, అయినా ఒకదాని మీద ఒకటి రెండు తాగేవాళ్ళని చూస్తున్నాను. రెండోది, ఆ తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు. నేరుగా కళ్ళలో కొడతాయి. మన కంట్లో చూపుతో పని లేకుండా పగలా రాత్రా అని గడియారానికి చెప్పే కణాలు వేరే ఉన్నాయి, వాటికి నీలం కలిసిన తెలుపంటే ప్రాణం. అలాంటి వెలుతురు కింద రాత్రి పదకొండింటికి కూర్చోవడం అంటే వాటికి ఇంకా పగలే అని చెప్పడం. పసుపు బల్బులు పెట్టమని అడిగాను. ఆ వెలుతురులో పెసరట్టా మినపట్టా తెలియదు మేడమ్ అన్నాడు తమ్ముడు. రాత్రి పెసరట్టు వేయనే వేయడు.

రాత్రి మనుషులు కాస్త ముందుకి జరగాలంటే ఇదే షాపులో మందూ ఉంది. షెడ్డు బయట, తూర్పు ముఖంగా ఒక సిమెంటు బెంచీ. చలికాలం తప్పితే పొద్దున ఆరున్నరకి దాని మీద ఎండ నేరుగా పడుతుంది. ట్యూబు లైట్ల కింద వెలుతురు కొన్ని వందల లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క) ఉంటే, బయట ఎండలో పది వేలు దాటిపోతుంది. 2013లో కొలరాడోలో కొంతమందిని కరెంటు దీపాలు లేకుండా వారం రోజులు కొండల్లో గుడారాల్లో ఉంచితే అందరి గడియారాలూ సూర్యుడితో కలిశాయి, అందరికంటే ఎక్కువ జరిగింది రాత్రి మనుషులవే. నేను వీలున్నప్పుడల్లా పెసరట్టు ఆ బెంచీ మీదే తింటాను. అరగంట ముందు నిద్ర వస్తోంది. అన్నలా మూడింటికి లేస్తానని కాదు.

ఫిర్యాదులు ఇంకా ఉన్నాయి. ఈగల సంగతి చెప్పాను. చెయ్యి కడుక్కునే చోట కాలువ మూత సగం పగిలి ఉంది, రాత్రి పిల్లలతో వెళ్తే చూసుకోండి. సాంబారు రెండు పూటలా నీళ్ళే, అడక్కండి. పొద్దున కొబ్బరి చట్నీ ఏడున్నరకే అయిపోతుంది, ఆ తర్వాత పల్లీ చట్నీయే. కార్లు సందులోకి తేకండి, జంక్షన్ దగ్గర ఆపి నడవండి. ఇడ్లీ నాలుగు 40, పూరీ 45, పెసరట్టు 50, ఉప్మా పెసరట్టు 60. రాత్రి సాదా దోసె 50, ఎగ్ దోసె 70, పునుగులు 30. ఐదుకి పొద్దున నాలుగున్నర, రాత్రి నాలుగు వేస్తాను, ఆ అర్ధ తేడా ట్యూబు లైట్లకి.

ఆదివారం పొద్దున ఉంటుంది, రాత్రి ఉండదు. మంగళవారం రాత్రి ఉంటుంది, పొద్దున ఉండదు. గోడ మీద క్యూఆర్ కోడ్‌లు రెండున్నాయి, ఎడమది అన్నది, కుడిది తమ్ముడిది. డబ్బులు తప్పు ఖాతాలో పడితే ఆ పంచాయితీ వాళ్ళమ్మ దగ్గరికి వెళ్తుంది, ఆవిడ ఇద్దరికీ ఇవ్వకుండా తనే ఉంచుకుంటుంది.